కూలూమ్ నియమం లెక్కలు "వదిలెయ్యండి" అనే సలహాని వదిలేద్దాం



పోస్టు కొంచెం పెద్దదే. ఇంటర్ ఎంపీసీ, బైపీసీ వాళ్ళు, పాలిటెక్నిక్ వాళ్ళు, డిగ్రీలో ఫిజిక్స్ ఉన్నవాళ్ళు ఒక పెన్ను, తెల్లకాగితం పక్కన పెట్టుకుని చదవండి. మిగతావాళ్ళు మీ ఇంట్లో చదువుకునే పిల్లలకి చూపించండి.

విషయం ఏమిటంటే, మన పిల్లలకి ఇంటర్ రెండో సంవత్సరంలో ఒక సలహా దొరుకుతోంది. "విద్యుదావేశాలు, క్షేత్రాలు చాప్టర్లో లెక్కలు మీకు కష్టం. కూలూమ్ విలోమ వర్గ నియమం నిర్వచనం బట్టీ పట్టండి, నాలుగు మార్కులు వస్తాయి. లెక్కలు వదిలెయ్యండి." చెప్పేవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. పిల్లాడు పాసయితే చాలు అనే జాలితోనే చెబుతారు. ఆ జాలే మనల్ని దెబ్బ తీస్తోంది అనేది మా అభిప్రాయం.

మేము బుట్టాయగూడెం, పోలవరం వైపు నుంచి వచ్చి ఏలూరు, తాడేపల్లిగూడెం హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్నవాళ్ళం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇంట్లో అడగడానికి ఎవరూ ఉండరు. ట్యూషన్ పెట్టుకునే స్తోమత లేదు. అలాంటి మనకి ఎవరు ఏ సలహా ఇస్తే అదే దారి అయిపోద్ది. అందుకే సలహా సరైనదో కాదో మనమే చూసుకోవాలి.

ముందు, ఈ లెక్కలు వదిలితే పోయేదేమిటో చూడండి. ఈఏపీసెట్ ఇంజనీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలుంటే అందులో ఫిజిక్స్ 40. జేఈఈ మెయిన్‌లో మూడు సబ్జెక్టులకీ సమాన మార్కులు, తప్పు రాస్తే ఒక మార్కు కోత. అక్కడ "నియమాన్ని పేర్కొని వివరించండి" అని ఎవడూ అడగడు. రెండు ఆవేశాలిచ్చి, దూరమిచ్చి, బలం ఎంతో చెప్పమంటాడు. పైగా ఈ చాప్టర్ ఒక్కటే కాదు. తర్వాత వచ్చే పొటెన్షియల్, కెపాసిటర్లు, కరెంటు అన్నిటికీ పునాది ఇదే. ఇక్కడ వదిలినవాడు అక్కడ కూడా వదలాల్సిందే.

తాడేపల్లిగూడెంలో 2015లో ఎన్‌ఐటీ వచ్చింది. మన ఊళ్ళ నుంచి బస్సెక్కితే వెళ్ళొచ్చే దూరం. కేంద్ర సంస్థల్లో ఎస్టీలకి 7.5 శాతం సీట్లున్నాయి. కానీ రిజర్వేషన్ సీటు దాకా తీసుకెళ్తది, మొదటి సంవత్సరం ఫిజిక్స్ పేపర్ రాసిపెట్టదు. సీటు వచ్చాక బ్యాక్‌లాగులు పడి, సిగ్గుతో హాస్టల్ ఖాళీ చేసి ఇంటికి వెళ్ళిపోయిన పిల్లలు మనలో ఉన్నారు. వాళ్ళకి తెలివి లేక కాదు. రెండేళ్ళ ముందు ఎవరో "వదిలెయ్యి" అన్నారు, అంతే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. సాయంత్రాలు జూనియర్లతో కూర్చున్నప్పుడు మాకు అర్థమైంది ఏమిటంటే, మనవాళ్ళని ఆపుతున్నది ఫిజిక్స్ కాదు. మూడు చిన్న అడ్డాలు. సున్నాలు, వర్గం, దిశ. ఈ మూడూ దాటితే లెక్క తేలిపోద్ది.

నియమం మామూలు మాటల్లో ఇంతే. రెండు ఆవేశాలుంటే ఒకదాన్ని ఒకటి నెట్టుకుంటాయి లేదా లాక్కుంటాయి. ఒకే రకమైతే నెట్టుకుంటాయి, వేరు రకమైతే లాక్కుంటాయి. ఆవేశం ఎక్కువైతే బలం ఎక్కువ. దూరం పెరిగితే బలం తగ్గిపోద్ది, అదీ దూరం వర్గం లెక్కన. 1785లో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు కూలూమ్ సన్నటి తీగకి కడ్డీ వేలాడదీసి, ఆ తీగ ఎంత మెలి తిరిగిందో కొలిచి దీన్ని తేల్చాడు. లెక్క చేసేటప్పుడు రాసుకోవాల్సింది ఇది:

బలం = 9×10⁹ × మొదటి ఆవేశం × రెండో ఆవేశం ÷ (దూరం × దూరం)

మొదటి అడ్డం, సున్నాలు.

9×10⁹ అని చూడగానే చాలామంది పుస్తకం మూసేస్తారు. దాన్ని మన లెక్కలో చదవండి. 10⁵ అంటే లక్ష. 10⁷ అంటే కోటి. 10⁹ అంటే వంద కోట్లు. కాబట్టి 9×10⁹ అంటే తొమ్మిది వందల కోట్లు. మైక్రో కూలూమ్ అంటే 10⁻⁶, అంటే కూలూమ్‌లో పది లక్షల వంతు. టీవీలో బడ్జెట్ వార్తలు విని కోట్ల లెక్క చెప్పుకునే మనకి ఇది కష్టమేమీ కాదు.

2 మైక్రో కూలూమ్, 3 మైక్రో కూలూమ్ ఆవేశాలు 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి. రెండూ ధనావేశాలే. బలం ఎంత?

ముందు ఆవేశాలు: 2 × 3 = 6. పది లక్షల వంతు రెండుసార్లు వచ్చింది కాబట్టి 6×10⁻¹².
దానికి 9×10⁹ కలిపి గుణిస్తే: 9 × 6 = 54. ఘాతాలు 9 నుంచి 12 తీస్తే మైనస్ 3. అంటే 54×10⁻³, అదే 0.054.
దూరం: 30 సెంటీమీటర్లంటే 0.3 మీటర్లు. 0.3 × 0.3 = 0.09.
చివరికి: 0.054 ÷ 0.09 = 0.6 న్యూటన్లు.

0.6 న్యూటన్లంటే చేతిలో దాదాపు 60 గ్రాముల వస్తువు పెట్టుకున్నంత బరువు. ఒక పెద్ద కోడిగుడ్డు అనుకోండి. ప్రతి లెక్క చివరా ఇలా ఒక్కసారి ఊహించుకోండి. జవాబు 6 కోట్ల న్యూటన్లు వచ్చిందంటే ఎక్కడో సున్నాలు తప్పాయని మీకే తెలిసిపోద్ది.

అసలు ఒక్క కూలూమ్ ఎంత పెద్దదో కూడా చూడండి. ఒక్కో కూలూమ్ ఉన్న రెండు ఆవేశాలు మీటరు దూరంలో ఉంటే బలం 900 కోట్ల న్యూటన్లు. అది దాదాపు 9 లక్షల టన్నుల బరువు. పది టన్నుల ధాన్యం లారీలు తాడేపల్లిగూడెం మిల్లుల ముందు నిలబడతాయి కదా, అలాంటివి 90 వేల లారీలు. అందుకే లెక్కల్లో ఎప్పుడూ మైక్రో, నానో అనే చిన్న చిన్న ఆవేశాలే ఇస్తారు.

రెండో అడ్డం, వర్గం.

దూరం రెట్టింపయితే బలం సగం అవుతుంది అనుకుంటారు. కాదు, నాలుగో వంతు అవుతుంది. పై లెక్కలో దూరం 60 సెంటీమీటర్లు చేస్తే 0.6 కాస్తా 0.15 న్యూటన్లు. 15 సెంటీమీటర్లకి తెస్తే నాలుగు రెట్లు, 2.4 న్యూటన్లు. అంటే కోడిగుడ్డు బరువు కాస్తా పావు కిలో దాకా వచ్చేసింది. పోటీ పరీక్షల్లో ఈ ముక్క మీద కూడా ప్రశ్నలు తిరుగుతాయి. "దూరం మూడు రెట్లయితే?" అని అడిగితే పెన్ను ముట్టుకోకుండా తొమ్మిదో వంతు అని చెప్పగలగాలి. ఇంకొకటి, సెంటీమీటర్లని మీటర్లలోకి మార్చాకే వర్గం చెయ్యండి. 0.3 వర్గం 0.9 కాదు, 0.09.

మూడో అడ్డం, దిశ.

బలం సదిశ. ఎంత అనేదే కాదు, ఎటు అనేది కూడా కావాలి. మైనస్ గుర్తుని ఫార్ములాలో పెట్టి గందరగోళపడటం కంటే ముందు బొమ్మ వేసుకోండి. మేము జూనియర్లకి రైలు లైనుతో చెబుతాం. ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం ఒకే లైను మీద ఉన్నాయి. మీరు భీమడోలు స్టేషన్లో నిలబడిన ఒక చిన్న ధనావేశం. ఏలూరులో ధనావేశం ఉంటే మిమ్మల్ని ఎటు నెడుతుంది? తాడేపల్లిగూడెం వైపు. తాడేపల్లిగూడెంలో కూడా ధనావేశమే ఉంటే? ఏలూరు వైపు నెడుతుంది. రెండూ ఎదురెదురు, కాబట్టి తీసెయ్యాలి. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో రుణావేశం పెట్టండి. అది మిమ్మల్ని తన వైపు లాక్కుంటుంది. ఏలూరు కూడా అటే నెడుతోంది. రెండూ ఒకే వైపు, కాబట్టి కలపాలి. అంతే, దిశ అయిపోయింది.

ఇక చాలామందిని భయపెట్టే మాట, "విద్యుత్ క్షేత్ర తీవ్రత". పేరు పెద్దది, విషయం చిన్నది. ఒక చోట ఒక కూలూమ్ ఆవేశం పెడితే దాని మీద ఎంత బలం పడుతుందో అదే ఆ చోట క్షేత్ర తీవ్రత. ఇందాకటి లెక్కలో 3 మైక్రో కూలూమ్‌ని తీసెయ్యండి. 2 మైక్రో కూలూమ్ ఒక్కటే ఉంది. 30 సెంటీమీటర్ల దూరంలో తీవ్రత ఎంత? 9×10⁹ × 2×10⁻⁶ అంటే 18,000. దాన్ని 0.09తో భాగిస్తే 2 లక్షలు. అంటే కూలూమ్‌కి 2 లక్షల న్యూటన్లు. ఇప్పుడు ఆ చోట మళ్ళీ 3 మైక్రో కూలూమ్ పెడితే బలం 2,00,000 × 3×10⁻⁶ = 0.6 న్యూటన్లు. చూశారా, ఇందాక వచ్చిన జవాబే. క్షేత్రం అంటే కొత్త పాఠం కాదు, అదే లెక్కని రెండు అంగల్లో చెయ్యడం.

ఈ క్షేత్రం అనే ఆలోచనకి దారి వేసినవాడు మైకేల్ ఫారడే. కమ్మరి కొడుకు. పెద్దగా బడికి పోలేదు. పద్నాలుగేళ్ళకే పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో పనికి కుదిరాడు. గణితం అంతగా రాదు కాబట్టి, ఆవేశం చుట్టూ గీతలు ఊహించుకుని బొమ్మలతో ఆలోచించాడు. ఆ బొమ్మలకి తర్వాత మాక్స్‌వెల్ గణితం కట్టాడు. కాబట్టి "మన ఇంట్లో ఎవరూ చదువుకోలేదు, మనకి ఫిజిక్స్ ఏం వస్తది" అనేవాళ్ళకి ఫారడే పేరు చెప్పండి.

"సరే, పరీక్షకి పనికొస్తది. బతుక్కి పనికొస్తదా?" అని అడుగుతారు. వస్తది. మూడు సంగతులు చెబుతాం.

ఒకటి, ఉప్పుటేరు. కొల్లేరు నీళ్ళని సముద్రానికి చేర్చేది అదే, ఎండాకాలం సముద్రపు ఉప్పునీరు పైకి ఎగదన్నేదీ అదే. ఉప్పులో సోడియం ధనావేశం, క్లోరిన్ రుణావేశం, రెండూ గట్టిగా లాక్కుని గడ్డ కట్టి ఉంటాయి. నీళ్ళలో పడగానే ఎందుకు విడిపోతాయి? నీటి డైఎలక్ట్రిక్ స్థిరాంకం దాదాపు 80. అంటే అంతే దూరంలో గాలిలో 80 న్యూటన్లు ఉండే బలం నీళ్ళలో 1 న్యూటన్ అవుతుంది. పట్టు అలా సడలిపోతే ఉప్పు కరిగిపోద్ది. పుస్తకంలో "యానకాన్ని బట్టి బలం మారుతుంది" అనే ఒక్క లైను వెనక ఇంత కథ ఉంది.

రెండు, పిడుగు. మన కుటుంబాల్లో చేపల చెరువుల మీద కాపలాకి, పట్టుబడులకి వెళ్ళేవాళ్ళు ఉన్నారు. పొలాల్లో, కొండ మీద పశువులతో ఉండేవాళ్ళు ఉన్నారు. దేశంలో ఈ మధ్య ఏటా రెండున్నర వేల మందికి పైగా పిడుగులకి పోతున్నారు. లెక్క వేద్దాం. ఉరుముల మబ్బు కింది భాగంలో 20 కూలూమ్‌ల ఆవేశం, 3 కిలోమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. నేల మీద తీవ్రత: 900 కోట్లు × 20 = 18,000 కోట్లు. దూరం వర్గం 3000 × 3000 = 90 లక్షలు. భాగిస్తే 20,000. మబ్బు పైభాగంలోని ఆవేశాన్నీ నేలలో పుట్టే ఆవేశాన్నీ వదిలేశాం కాబట్టి ఇది అంచనా మాత్రమే. కానీ మామూలు రోజున నేల మీద ఉండే తీవ్రత మీటరుకి దాదాపు 100 వోల్టులే. కూలూమ్‌కి న్యూటన్లు అన్నా, మీటరుకి వోల్టులు అన్నా ఒకటే. అంటే 200 రెట్లు.

గాలి తెగిపోయి నిప్పురవ్వ రావాలంటే మీటరుకి దాదాపు 30 లక్షల వోల్టులు కావాలి. 20 వేలకే పిడుగు నేలకి ఎలా దిగుతుంది? మబ్బులో మొదలైన మెరుపు కిందికి దిగే కొద్దీ దూరం తగ్గి తీవ్రత పెరిగిపోద్ది. నేల మీద ఎత్తుగా, మొనగా ఉన్న వస్తువు చివర ఆవేశం పోగుపడి, అక్కడ తీవ్రత ఇంకా ఎన్నో రెట్లు అవుతుంది. కొల్లేరులో చుట్టూ నీళ్ళు, చదునైన చెరువులు. గట్టు మీద నిలబడిన మనిషే అక్కడ ఎత్తయిన వస్తువు. లేదంటే తాటిచెట్టు. అందుకే ఉరుము వినపడితే గట్టు దిగి, నీళ్ళకి, చెట్టుకి దూరంగా పక్కా ఇంట్లోకి పోవాలి. చెట్టు కింద తల దాచుకోకూడదు. పిడుగుల హెచ్చరిక కోసం పుణెలోని ఐఐటీఎం వాళ్ళు చేసిన దామిని యాప్ ఉంది, ఇంట్లో ఫోన్లలో వేసిపెట్టండి.

మూడు, తెగిపడిన కరెంటు తీగ. అడవి పందుల కోసం చేలకి తీగలు పెట్టి ప్రాణాలు తీసుకుంటున్న సంగతి మనకి తెలుసు. తీగ నేలని తాకిన చోట నుంచి చుట్టూ వోల్టేజీ తగ్గుతూ పోతుంది. ఒక చోట నేలలో తీవ్రత మీటరుకి 500 వోల్టులు అనుకోండి. పాదాలు దగ్గర పెట్టి నిలబడితే మధ్య దూరం 10 సెంటీమీటర్లు, 50 వోల్టులు. 60 సెంటీమీటర్ల అంగ వేస్తే 300 వోల్టులు. గేదెకి ముందుకాళ్ళకీ వెనక కాళ్ళకీ మధ్య మీటరున్నర, అంటే 750 వోల్టులు. అదే నేల మీద మనిషి బతికి గేదె చచ్చిపోవడానికి ఇదే కారణం. అలాంటి చోట ఉన్నామని తెలిస్తే పెద్ద అంగలు వెయ్యకుండా, పాదాలు దగ్గరగా పెట్టి నేల మీద జరుపుకుంటూ దూరంగా రావాలి. తీగని, తీగ తగిలిన మనిషిని చేత్తో ముట్టుకోకూడదు. ముందు కరెంటు ఆపించాలి. ఈ మాట అమ్మకి నాన్నకి చెప్పగలిగేది ఇంట్లో చదువుకున్న మనమే.

మాకు ఎదురయ్యే మాటలు రెండున్నాయి. "ఇంగ్లీషు రాదు కాబట్టి లెక్కలు రావు" అనేది మొదటిది. పై లెక్కలన్నీ తెలుగులోనే చేశాం కదండి. జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులో కూడా రాయొచ్చు. తెలుగు అకాడమీ పుస్తకాల్లో ఆవేశం, క్షేత్రం, సదిశ అన్నీ ఉన్నాయి. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలకి కోయలోనే చెప్పండి. అర్థం మన భాషలో ఎక్కాక ఇంగ్లీషు పేర్లు నేర్చుకోవడం పది రోజుల పని. రెండోది, "పాస్ మార్కులు వస్తే చాలు, ఎలాగూ ఏదో ఉద్యోగానికే కదా". ఐటీఐ ఎలక్ట్రీషియన్‌కైనా, లైన్‌మన్‌కైనా ఇదే పునాది. పాల్వంచ, ఇబ్రహీంపట్నం లాంటి చోట్ల థర్మల్ ప్లాంటు పొగ నుంచి బూడిదని పట్టే యంత్రం ఆ బూడిద రేణువులకి ఆవేశం ఎక్కించి, విద్యుత్ క్షేత్రంతో పక్కకి లాగేస్తుంది. అక్కడ పనికి పోయే మన పిల్లాడికి అది ఎలా నడుస్తుందో తెలిస్తే, ఊడవడానికే పరిమితం కాడు.

కాబట్టి మా మనవి ఇది. హాస్టళ్ళలో ఉన్న సీనియర్లు రాత్రి భోజనం అయ్యాక అరగంట, వారానికి మూడు రోజులు జూనియర్లతో కూర్చోండి. రోజుకి ఒక్క లెక్క చాలు, కానీ చివరి దాకా, యూనిట్లతో సహా. ఆడపిల్లల హాస్టళ్ళలో అక్కలు కూడా మొదలుపెట్టండి, మొబైల్‌లో ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. పాఠం చెప్పే సార్లకి, మేడమ్‌లకి ఒక విన్నపం. మా పిల్లల మీద జాలి పడి లెక్కలు తగ్గించొద్దు. ఇంకొక్కసారి చెప్పండి, అది చాలు. జూనియర్లకి కూడా ఒక మాట. "వదిలెయ్యి" అని ఎవరన్నా అంటే గొడవ పడకండి. నవ్వేసి, ఆ లెక్క ఇంకోసారి చెయ్యండి.

ఈ వారం లెక్క ఇస్తున్నాం. ఒక గీత మీద +9 మైక్రో కూలూమ్, +1 మైక్రో కూలూమ్ ఆవేశాలు 40 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. క్షేత్ర తీవ్రత ఎక్కడ సున్నా అవుతుంది? తర్వాత +1ని తీసి −1 పెట్టండి. ఇప్పుడు సున్నా ఎక్కడికి జరుగుతుంది? బొమ్మ వేసి, బాణాలు గీసి, మొత్తం లెక్క కాగితం మీద చేసి పెట్టండి. జవాబు ఒక్కటే రాసినవాళ్ళది మేము చూడం. దారి చూపించినవాళ్ళది, జవాబు తప్పినా సరే, ఆదివారం కూర్చుని ఒక్కొక్కటీ దిద్దుతాం.